పెద్దవాళ్ళతో పంచారామాల యాత్ర: విజయవాడ నుంచి రెండు రోజుల బస్సు ఎలా ఉందంటే

కార్తీకమాసం వస్తోందంటే అమ్మనో నాన్ననో పంచారామాలకి తీసుకెళ్ళాలని ఉండి, వాళ్ళ మోకాళ్ళు చూసి వెనకాడేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. విజయవాడ నుంచి ఈ యాత్రకి బండ్లు చాలానే ఉన్నాయి. ఆర్టీసీ కూడా కార్తీక సోమవారాలకి ప్రత్యేక బస్సులు వేస్తుంది. ఆదివారం బయల్దేరి సోమవారం రాత్రికల్లా ఐదు గుళ్ళూ చూపించి తీసుకొచ్చేస్తారు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళకి అంతకంటే ఏం కావాలి. మేం వెళ్ళింది మాత్రం వేరే రకం బండి. అరవై ఐదు దాటినవాళ్ళకీ, వాళ్ళకి తోడుగా వచ్చే ఒక్కరికీ మాత్రమే సీట్లిచ్చే చిన్న ట్రావెల్స్. మనిషికి 6,500 రూపాయలు. రెండు రోజులు, ఒక రాత్రి బస, టిఫిన్లు, భోజనాలు అందులోనే. అభిషేకం, అర్చన టికెట్లు ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలి. ట్రావెల్స్ పేరు రాయడం లేదు. రాస్తే ప్రకటనలా ఉంటుంది. మీరు ఎవరి బండి ఎక్కినా ముందు ఏం అడగాలో తెలియడమే ముఖ్యం.

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. అందుకని బండి చూడగానే ఏసీ ఉందా, టీవీ ఉందా అని కాక, మొదటి మెట్టు ఎంత ఎత్తుందో చూస్తాను. ఈ సమీక్ష కూడా అలాగే ఉంటుంది.

అమ్మకి 78. నాన్న ఉన్నప్పుడు ఇద్దరూ పంచారామాలు చూడాలనుకున్నారు. ఒక ఏడు పిల్లల పరీక్షలు, ఒక ఏడు ఇంట్లో పురుడు, ఇంకో ఏడు ఇంకేదో. నాన్న పోయాక అమ్మ మేడ దిగడం మానేసింది. మాది సత్యనారాయణపురంలో మొదటి అంతస్తు. పక్కింటివాళ్ళు వ్రతానికి పిలిచినా మోకాళ్ళ నొప్పులని చెప్పి పంపేసేది. ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికొచ్చి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం నేర్పింది. తొడ కండలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది, పడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది. రోజుకి పదిసార్లు చెయ్యమంది. ఆ అమ్మాయి గుమ్మం దాటగానే అమ్మ మానేసేది. "ఎవరి కోసమే ఇప్పుడివన్నీ?" అనేది.

యాత్రకి డబ్బు కట్టినప్పుడు ట్రావెల్స్ వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. నాకు ఈ సర్వీసు మీద నమ్మకం కుదిరింది ఆ కాగితంతోనే. ఏ గుడిలో మెట్లున్నాయి, ఎక్కడ నేల తడిగా ఉంటుంది, ఎక్కడ ఎంతసేపు నిలబడాలి అన్నీ పెద్ద అక్షరాల్లో వేశారు. అమరావతిలోనూ, ద్రాక్షారామంలోనూ, సామర్లకోటలోనూ శివలింగం చాలా పొడవు. ద్రాక్షారామంలో, సామర్లకోటలో లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తుదాకా లేచి ఉంటుంది. పై భాగం దర్శనం కావాలంటే మెట్లెక్కాలి. భీమవరంలో అయితే శివుడు కింద, అన్నపూర్ణమ్మ పైన. కాగితం చివర ఒక మాట రాశారు: ఒక అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కగలిగినవాళ్ళకే పై దర్శనం, మిగతావాళ్ళకి కింద దర్శనం, రెండిటికీ ఫలం ఒకటే.

అమ్మ ఆ చివరి మాట ఒప్పుకోలేదు. "అంత దూరం వెళ్ళి స్వామిని సగమే చూసొస్తానా?" అంది. దసరా వెళ్ళిన మర్నాటినుంచి కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం మొదలుపెట్టింది. లేచినప్పుడల్లా "నమశ్శివాయ". ఫిజియో అమ్మాయి పది చెప్తే, అమ్మ జపంలాగా ఆపకుండా చేసేది, నేనే ఆపాల్సి వచ్చేది. తర్వాత మేడమెట్లు సాధన. ఆ తర్వాత తనంతట తనే కిందకి దిగి వీధి చివర శివాలయందాకా నడక. మందులు టైముకి వేసుకోమని నేను వెంటపడే పని కూడా పోయింది. బండి ఎక్కకముందే మాకు ఈ యాత్ర గిట్టుబాటయిందని చెప్పగలను.

వార్డులో పనిచేసినన్నాళ్ళూ ఇది చూశాను. ఒకే వయసు, ఒకే జబ్బు ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళలో, ఇంటికెళ్ళి చెయ్యాల్సిన పని ఒకటి ఉన్నవాళ్ళు త్వరగా లేచి కూర్చునేవాళ్ళు. అది మనవరాలి పెళ్ళి కావచ్చు, దేవుడికి మొక్కిన మొక్కు కావచ్చు. మావాళ్ళ మీదే చేసిన పెద్ద పరిశోధన ఒకటుంది. అమెరికాలో నర్సుల ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి నమోదు చేస్తున్నారు. అందులోంచి 74,534 మంది మహిళల వివరాలు తీసుకుని హార్వర్డ్ వాళ్ళు 2016లో ఫలితం ప్రకటించారు. వారంలో ఒకసారి కంటే ఎక్కువగా ప్రార్థనకి వెళ్ళేవాళ్ళలో, అసలు వెళ్ళనివాళ్ళతో పోలిస్తే, వాళ్ళని గమనించిన పదహారేళ్ళలో చనిపోయే ప్రమాదం 33 శాతం తక్కువగా కనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే వెళ్ళగలుగుతారు కదా అని మీరడగొచ్చు. వాళ్ళు ముందునుంచీ ఉన్న జబ్బులు, అలవాట్లు కూడా లెక్కలోకి తీసుకునే చూశారు. అయినా అది సంబంధం చూపించిందే గానీ, గుడికెళ్తే ఆయుష్షు పెరుగుతుందని రుజువు చేసింది కాదు. అందులో ఎక్కువమంది క్రైస్తవులు. లాభంలో కొంత తోడు దొరకడం వల్ల, కొంత దిగులు తగ్గడం వల్ల, కొంత పొగతాగే అలవాటు తక్కువ ఉండడం వల్ల అని తేలింది. నాకు ఇది ఏ మతానికైనా సరిపోయే మాటలాగే అనిపిస్తుంది. గుంటూరులో ఉండే నా పాత సహోద్యోగి ప్రతి ఫిబ్రవరిలో వాళ్ళమ్మని గుణదల మేరీమాత ఉత్సవానికి తీసుకొస్తుంది. ఆవిడా పండక్కి నెలముందునుంచే నడక మొదలుపెడుతుందట.

ఇక యాత్ర సంగతి. బండి ఉదయం ఆరింటికి బీఆర్టీఎస్ రోడ్డు మీదకి వచ్చింది. తలుపు దగ్గర ఎత్తు పీట వేసి, సహాయానికి వచ్చిన కుర్రాడు చెయ్యి అందించాడు. పెద్దవాళ్ళ చెయ్యి ఎలా పట్టుకోవాలో అతనికి ఎవరో నేర్పారు. రెక్క పట్టి లాగడు. తన ముంజేయి చాచి, "మామ్మగారూ, మీరే నన్ను పట్టుకోండి" అంటాడు. మేం వార్డులో కొత్త పిల్లలకి మొదట చెప్పేది ఇదే.

బండి కదలకముందే యాత్ర చూసుకునే ఆవిడ అందరి మందుల డబ్బాలూ అడిగింది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఎవరూ ఉపవాసం ఉండకూడదని గట్టిగా చెప్పింది. కార్తీకంలో ఈ మాట చెప్పడం తేలిక కాదు. వెనక సీటు పెద్దాయన ఒకరు నక్షత్రం చూసేదాకా ఏమీ తిననని పట్టుబట్టారు. ఆయన వేసుకునేది గ్లిమిపిరైడ్. అది వేసుకుని కడుపు ఖాళీగా ఉంచితే షుగర్ పడిపోతుంది, చెమటలు పట్టి, మాట తడబడి, స్పృహ కూడా తప్పొచ్చు. ఆవిడ కోప్పడలేదు. "బాబాయ్ గారూ, పెద్దలకీ రోగులకీ ఉపవాసం నియమం లేదని మన పెద్దలే చెప్పారు. మీరు ఇడ్లీ తిని స్వామిని చూడండి, నేను మీ బదులు పొద్దు ఉంటాను" అంది. ఆయన తిన్నారు. ఆవిడ నిజంగానే సాయంత్రందాకా ఏమీ ముట్టలేదు, నేను గమనించాను.

అమ్మ పేచీ ఇంకొకటి. మా బండి సోమవారం వెయ్యరు. రద్దీలో పెద్దవాళ్ళని నిలబెట్టడం ఇష్టంలేక మంగళ, బుధవారాల్లో తీసుకెళ్తారు. పైగా ఐదూ ఒకే రోజు కాదు. "ఇది యాత్ర ఎలా అవుతుంది?" అని అమ్మ. "కార్తీకం ముప్ఫై రోజులూ శివుడివే కదా పిన్నిగారూ" అని ఆవిడ. నేను ఏం చెప్పినా వినని అమ్మ ఆ మాటకి తగ్గింది.

ప్రయాణంలో నాకు బాగా నచ్చింది నీళ్ళ విషయం. మన ఆడవాళ్ళు దారిలో బాత్రూం దొరకదని పొద్దున్నుంచీ నీళ్ళు తాగరు. వయసు మీద పడ్డాక దాహం కూడా సరిగా తెలియదు. సాయంత్రానికి కళ్ళు తిరగడం, మూత్రంలో మంట, కొందరికి మాట తికమక. వీళ్ళు ముందే పెట్రోలు బంకులకి ఫోన్ చేసి, కమోడ్ ఉన్నవి, శుభ్రంగా ఉన్నవి చూసి ఉంచారు. రెండు గంటలకోసారి బండి ఆపారు. ఆపిన ప్రతిసారీ అందరినీ దింపి నాలుగడుగులు వేయించారు. నాలుగు గంటలు దాటి కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పాదాలు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గించే బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు, ప్రయాణం రోజు అది ఏ వేళ వేసుకోవాలో ముందుగానే డాక్టరుని అడిగి రండి. చాలామంది అడక్కుండా మానేస్తారు, అది తప్పు.

అమరావతి పొద్దున్నే, జనం పలచగా ఉన్నప్పుడు అయిపోయింది. కృష్ణ పక్కనే గుడి, ఎత్తు మీద ఉంటుంది, మెట్లు నెమ్మదిగా ఎక్కించారు. అక్కడినుంచి భీమవరం దూరం. దారంతా పంచాక్షరి. మొదట టేపు పెట్టారు, తర్వాత అది ఆపేసి పెద్దవాళ్ళే అందుకున్నారు. ఒకరు అంటే మిగతావాళ్ళు అనడం. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మందితో ఒకసారి క్రైస్తవుల జపమాల ప్రార్థన, ఒకసారి మంత్రం చదివించి చూశారు. రెండిట్లోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకి నెమ్మదించింది, గుండె కొట్టుకునే తీరులో, బీపీని ఒళ్ళు సర్దుకునే తీరులో మంచి మార్పు కనిపించింది. నేను బండిలో బీపీ మిషన్ తీయలేదు. కానీ బండి ఎక్కినప్పటినుంచీ టెన్షన్‌తో చీర కొంగు నలుపుతున్న అమ్మ, ఏలూరు దాటేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరితో గొంతు కలిపింది. నాన్న పోయాక అమ్మ గొంతెత్తి పాడడం నేను వినలేదు.

భీమవరం సోమారామంలో లింగం పున్నమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుందని అంటారు. మేం వెళ్ళింది పున్నమి దగ్గర్లో. తెల్లగానే ఉంది. మధ్యాహ్నం గుడి తెరిచేదాకా కోనేటి పక్క నీడలో కుర్చీలు వేయించారు, నేల మీద కూర్చోబెట్టలేదు. పాలకొల్లులో రాత్రి బస. పెద్ద గోపురం దాటి లోపలికెళ్తే క్షీరారామలింగేశ్వరుడు తెల్లగా, చిన్నగా ఉంటాడు. మర్నాడు తెల్లవారుజామున దర్శనం, దీపాలు.

ద్రాక్షారామం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. తూర్పు చాళుక్య భీముడి కాలంనాటి గుడి. మాణిక్యాంబ అమ్మవారి శక్తిపీఠం కూడా అక్కడే. గర్భగుడి చుట్టూ లోపలి దారి చీకటి. బయట ఎండ, లోపల చీకటి, కాళ్ళకింద నున్నటి రాయి, దానిమీద అభిషేకం నీళ్ళు. వయసైనవాళ్ళ కంటిపాప చీకటికి అలవాటు పడడానికి చాలాసేపు పడుతుంది, శుక్లాలుంటే మరీను. తుంటి ఎముక విరిగి వార్డుకొచ్చేవాళ్ళలో ఇలా వెలుగులోంచి చీకట్లోకి అడుగేసి పడ్డవాళ్ళు నాకు బాగా గుర్తు. ఇక్కడ ఆ కుర్రాడు అందరినీ గడప ఇవతల గోడవారగా నిలబెట్టి, "కళ్ళు మూసుకుని పంచాక్షరి నెమ్మదిగా అనుకోండి, నేను చెప్పాక తెరవండి" అన్నాడు. అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. కాసేపయ్యాక తెరిచి, ఒక్కొక్కరుగా, ముందువాళ్ళ భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిచారు. జాగ్రత్త అని అరిస్తే పెద్దవాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది. ఇదైతే వాళ్ళకి ధ్యానం, నా లెక్కలో వాళ్ళ కళ్ళు చీకటికి సర్దుకునే సమయం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత చక్కటి ఉపాయం నేను చూడలేదు.

సామర్లకోటలో అమ్మ పై అంతస్తు ఎక్కింది. రెండు మెట్లకి ఒకసారి ఆగి, గోడ పట్టుకుని, నా చెయ్యి వద్దని. పైన లింగం శిరసు కనపడగానే నమస్కారం పెట్టి పక్కకి జరిగింది, వెనకవాళ్ళకి అడ్డమని. అర్చనకి మా గోత్రం, పిల్లల పేర్లు, మనవల పేర్లు చెప్పింది. తర్వాత ఆగి, డ్రైవరు పేరూ, ఆ కుర్రాడి పేరూ కూడా సంకల్పంలో చెప్పించింది. వాళ్ళ పేర్లు ఎప్పుడు కనుక్కుందో నాకు తెలియదు.

ఇప్పుడు లోపాలు. పాలకొల్లులో బస చేసిన లాడ్జిలో బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ ఉంటుందన్నారు, లేదు. నేల టైల్స్ జారుడు. రాత్రి లేచేవాళ్ళ కోసం నేను మా గది లైటు వేసే ఉంచాను. రెండో రోజు మధ్యాహ్న భోజనం రెండున్నర దాటాక పెట్టారు. పొద్దున షుగర్ గురించి అంత చెప్పినవాళ్ళు ఇది చూసుకోవాలి. నా సంచిలో బిస్కెట్లు, అరటిపళ్ళు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. బండిలో స్పీకర్ల శబ్దం ఎక్కువ. చెవి మిషన్ పెట్టుకున్నవాళ్ళు దాన్ని తీసి సంచిలో పెట్టేసుకున్నారు, దాంతో పక్కవాళ్ళ మాట కూడా వినపడక ఒంటరిగా కూర్చున్నారు.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించింది ఇంకొకటి. రెండో రోజు ప్రవచనం చెప్పడానికి ఒకాయన ఎక్కారు. తారకాసురుడి కంఠంలోని లింగం ఐదు ముక్కలై ఐదు చోట్ల పడిన కథ చక్కగా చెప్పారు. ఆ వెంటనే, ఈ జన్మలో ఒంటి బాధలన్నీ పూర్వజన్మ పాపాలేననీ, భక్తి నిజమైనదైతే రోగం నిలవదనీ అన్నారు. మా ముందు సీట్లో చేతులు వణికే జబ్బున్న మామ్మగారు ఉన్నారు. బండి ఆగినప్పుడు నా దగ్గరికొచ్చి, "అమ్మాయీ, నేనేం పాపం చేశానంటావ్?" అని అడిగారు. ఆవిడ ఏ పాపమూ చెయ్యలేదని, అది మెదడులో ఒక రసాయనం తగ్గడం వల్ల వచ్చే జబ్బని, మందు ఉందని చెప్పి ఆవిడ చేతులు పట్టుకున్నాను. దేవుడు శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అనే ఆలోచన పెద్దవాళ్ళకి ఎంత చేటో పరిశోధనే ఉంది. ఆసుపత్రిలో చేరిన 55 ఏళ్ళు దాటిన 596 మందిని రెండేళ్ళు గమనించి 2001లో అమెరికా వైద్యపత్రికలో వేశారు. దేవుడు తనని విడిచేశాడని మథనపడినవాళ్ళలో మరణాలు ఎక్కువ. నిలబెట్టే విశ్వాసమే, ఇలా మలిచి చెప్తే, మనిషిని కుంగదీస్తుంది. పెద్దవాళ్ళ బండిలో ఎవరు ఏం చెప్తున్నారో చూసుకోవడం బ్రేకులు చూసుకోవడం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. యాత్ర చూసుకునే ఆవిడతో ఇదంతా చెప్పాను. వాదించలేదు, పుస్తకంలో రాసుకుంది. తిరుగు ప్రయాణంలో ఆయన్ని ఎక్కించుకోలేదు, మళ్ళీ పెద్దవాళ్ళే పాడుకున్నారు. ఆ మామ్మగారు కూడా అందుకున్నారు.

ఈ యాత్రలో కలిసినవాళ్ళు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. అమ్మకి టైపు చెయ్యడం రాదు, మాట రికార్డు చేసి పంపుతుంది. సోమవారం సాయంత్రం ఫోన్లోనే అందరూ కలిసి రుద్రం వింటారు. ఆ తర్వాత ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళారు అన్న కబుర్లు చాలాసేపు నడుస్తాయి. ఒకరోజు ఒకావిడ కలవకపోతే మిగతావాళ్ళే ఆవిడ కొడుక్కి ఫోన్ చేసి కనుక్కున్నారు, జ్వరంగా ఉందట. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

డబ్బుకి తగిన సర్వీసేనా అంటే, అవును, మళ్ళీ వెళ్తాను. మీరు ఏ ట్రావెల్స్‌తో మాట్లాడినా ఇవి అడగండి. బండి తలుపు దగ్గర పీట ఉందా, ఎంతసేపటికి ఆపుతారు, రాత్రి బసలో కమోడ్ పక్కన పట్టుకునే రాడ్ ఉందా, గది ఏ అంతస్తు, భోజనం ఎన్నింటికి, ప్రవచనం ఎవరు చెప్తారు. మీ వైపునుంచి మందుల చీటీ రెండు కాపీలు, షుగర్ ఉన్నవాళ్ళకి గ్లూకోజ్ బిళ్ళలు, చిన్న టార్చి, పాదాలకి స్పర్శ తగ్గినవాళ్ళకి మందపాటి మేజోళ్ళు. ఎండకి కాలిన రాయి మీద వాళ్ళకి వేడి తెలియదు, సాయంత్రానికి బొబ్బలు కనపడతాయి. గుండె ఆపరేషన్ ఈ మధ్యే అయినవాళ్ళు, మెట్లెక్కితే ఆయాసం వచ్చేవాళ్ళు డాక్టరు సరేననకుండా బయల్దేరకండి. కింద దర్శనంతో సరిపెట్టుకోమని వాళ్ళకి ముందే, ఇంట్లోనే, మెల్లగా చెప్పండి. గుడి దగ్గర చెప్తే వినరు. సీట్లు కార్తీకం మొదటి వారంలోనే అయిపోతాయి, కాబట్టి దసరాకే ఫోన్ చేయండి. అప్పుడైతే కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టడానికీ వాళ్ళకి రోజులు మిగులుతాయి.